అర్ఫా చెప్పిన మాట

మస్తాన్‌బీకి ప్రదర్శనలో పెట్టే తన బోర్డు నచ్చలేదు. ఇష్రత్ చేతిలోని ఫోను అందుకుని కంటికి దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది, చివరికి కళ్ళజోడు తెప్పించుకుని మరీ చూసి, "ఈ రజియా ఎవరే?" అంది.

"నువ్వే ఖాలా. పుస్తకంలో అసలు పేర్లు వెయ్యరు. రేపెవరన్నా చదివి నిన్నేమన్నా అంటారేమోనని మార్చారు."

"నేనేం దొంగతనం చేశానని పేరు దాచుకోవాలి? గొంతు నొప్పెట్టేదాకా చెప్పింది నేనూ, పేరు ఎవరో రజియాదా?"

ఇష్రత్ నవ్వింది. పేరు సంగతి మేడంతో మాట్లాడతానని చెప్పి, బోర్డు పెట్టుకోవడానికి అభ్యంతరం లేదని ఒప్పించుకునేసరికి టీ, దాని వెనకాల ఉప్మా, దాని వెనకాల పెద్దకోడలి మీద చాడీలు అన్నీ అయ్యాయి. భవానీపురంలో ఆ సందులో ఒక ఇంటికి పని మీద వెళితే పని చివరన జరుగుతుంది.

మేడం అంటే కీర్తన. గన్నవరం పక్క పల్లెలో రైతుల ఇంటి పిల్ల, ఇప్పుడు బెంగుళూరు యూనివర్సిటీలో మానవశాస్త్రం చెబుతోంది. ముస్లిం ఇళ్ళల్లో ఆడవాళ్ళ జీవితం మీద పుస్తకం రాస్తోంది. దానికి ముందుగా మొగల్రాజపురంలో ఒక కాలేజీ హాల్లో ఫోటోలతో, ఆడవాళ్ళ మాటలతో ప్రదర్శన పెడుతోంది. సోషియాలజీలో ఎం.ఏ. చేసి ఖాళీగా ఉన్న ఇష్రత్ ఆమెకు సహాయకురాలు. మేడంని ఇళ్ళకు తీసుకెళ్ళడం, పక్కన కూర్చోవడం, మాట ఉర్దూలోకి జారినప్పుడల్లా తెలుగులో చెప్పడం ఆమె పని. బోర్డులు ప్రింటుకి వెళ్ళేముందు ఎవరి బోర్డు వాళ్ళకు చూపించి సరే అనిపించుకోవడం కూడా ఆమెకే అప్పజెప్పింది. బుధవారం ప్రారంభం. ఆహ్వానపత్రంలో ఇష్రత్ పేరు కూడా ఉంది, వేదిక మీద మాట్లాడేవాళ్ళలో.

సందులో అందరి బోర్డులూ అయిపోయాయి. ఒక్కటి మిగిలింది. ఆ ఒక్కటీ సొంత ఇంట్లోనే ఉంది.

ఆ బోర్డు మీద రెండు చేతుల ఫోటో. మొహాలు కనిపించకూడదని అన్నయ్య షబ్బీర్ షరతు పెడితే కీర్తన చేతులే తీసింది. అర్ఫా కుడిచెయ్యి సన్నటి సూది పట్టుకుని ఉంది, ఎడమచెయ్యి అత్తగారి వేలిని పట్టుకుని ఉంది. షుగర్ పరీక్ష. వేలి కొస మీద గుచ్చితే మంట ఎక్కువని అర్ఫా ఎప్పుడూ పక్కగా గుచ్చుతుంది, ముందు వేలిని కిందనుంచి పైకి రెండుసార్లు నిమిరి రక్తం చేరనిస్తుంది. పెళ్ళికి ముందూ తర్వాతా వన్‌టౌన్‌లో రక్తపరీక్షల ల్యాబులో చేసిన మనిషి చేతులవి. బోర్డు మీద పైన పెద్ద అక్షరాలతో 'అత్తగారి సేవలో' అని ఉంది. కింద ఇలా ఉంది: 'ఆడబిడ్డ చదువు ఆగకూడదని నా ఉద్యోగం ఇష్టంగా మానేశాను. తను చదివితే నేను చదివినట్టే. నస్రీన్, గృహిణి.'

నస్రీన్ అంటే అర్ఫా. ఆడబిడ్డ అంటే ఇష్రత్. ఆ మాటలు మాత్రం అర్ఫావి కావు.

ఇంటర్వ్యూ జరిగిన రోజు అర్ఫా మొదటినుంచీ తెలుగులోనే మాట్లాడింది. తెలుగు మీడియంలో చదివిన మనిషికి తర్జుమా దేనికి? వంట గురించి, పండగల గురించి, పుట్టింటి గురించి గలగలా చెప్పింది. కీర్తన మామూలుగా, "ఉద్యోగం ఎందుకు మానేశారండీ?" అని అడిగింది. అర్ఫా మొహం ఇష్రత్ వైపు తిప్పి ఉర్దూలోకి మారింది.

"నేను మానలేదు, మాన్పించారు. అమ్మీకి పక్షవాతం వచ్చింది, ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలన్నారు. నీ పరీక్షలన్నారు, నీ చదువన్నారు. నాకు చదువు లేదా? నీ ఇష్టమేంటని నన్నొక్కళ్ళు అడగలేదు. నువ్వూ అడగలేదు."

కీర్తన ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఏమన్నారు?" అంది. ఇష్రత్ ఆగలేదు, తడుముకోలేదు కూడా. ఇష్టంగా మానేశానంటున్నారు మేడం, నేను చదువుకుంటే తను చదివినట్టేనంట అని చెప్పేసింది. తెలుగులో చెప్పిన ఆ మాటని, తెలుగు వచ్చిన అర్ఫా, పక్కనే కూర్చుని పూర్తిగా విన్నది. ఏమీ అనలేదు. లేచి వెళ్ళి టీ గిన్నెలో నీళ్ళు పోసింది.

ఆ తర్వాత ఇష్రత్ తనకు తాను చాలా చెప్పుకుంది. మనవాళ్ళ ఇళ్ళ గురించి అసలే లోకం నోరు పెద్దది, ఈ మాట వెళితే చూశారా కోడళ్ళని ఎలా తొక్కేస్తారో అంటారు, అది నా చేతులమీదుగా పోకూడదు అనుకుంది. అది అబద్ధం కాదు. కీర్తన కూడా మొదటిరోజే, మన పుస్తకంలో ఏడుపుగొట్టు ఆడవాళ్ళు ఉండకూడదు ఇష్రత్, అలాంటివి జనం చాలా చదివేశారు అంది. కానీ సగం నిజం పొట్టి దుప్పటి, ఎంత లాక్కున్నా కాళ్ళు బయటే ఉంటాయి. మేడం ముందు ఆ మాట ఉన్నదున్నట్టు చెబితే, అందులో మొదటి ముద్దాయి తనే. అందుకే చెప్పలేదు.

వాళ్ళింట్లో బోర్డు మొదట చూసింది అర్ఫా కాదు, షబ్బీర్. ఫోటో సంగతి కాబట్టి అన్నయ్యకు ముందు చూపించమని కీర్తనే మెసేజి పెట్టింది. సోమవారం సాయంత్రం అతను ఆటోనగర్ నుంచి వచ్చాడు. అక్కడ లారీ సీట్లు కుట్టే షాపు అతనిది. చొక్కా నిండా రెక్సిన్ జిగురు వాసన. చేతులు కడుక్కుని, వేళ్ళ సందుల్లో మిగిలిన నల్లజిగురు గోటితో గీక్కుంటూ ఫోను చూశాడు. చదివాడు. మళ్ళీ పైకి జరిపి ఇంకోసారి చదివాడు.

"ఇది అర్ఫా అందా?" అన్నాడు.

ఇష్రత్ ఊ అంది.

షబ్బీర్ చెప్పులేసుకుని బయటికి వెళ్ళాడు. తిరిగొచ్చినప్పుడు చేతిలో అరటాకు పొట్లం ఉంది, అందులో మల్లెపూలు. అర్ఫా రొట్టెలు కాలుస్తోంది. పొట్లం ఆమె పక్కన గట్టుమీద పెట్టి, "పెట్టుకో" అన్నాడు. అంతే అన్నాడు గానీ అక్కడే కాసేపు నిలబడ్డాడు. తర్వాత అమ్మీ గదిలోకి వెళ్ళి ఆమె కాళ్ళు నొక్కుతూ కూర్చున్నాడు, ఎన్నడూ లేనిది.

అర్ఫా చేతి పిండి కడుక్కుని పూలు తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని ఒకసారి కళ్ళు మూసుకుంది. ఆమె మొహంలో ఆ నిమిషాన కనిపించిన సంతోషం ఇష్రత్ చూడలేకపోయింది. మీ అన్నయ్యకి ఏమైందివాళ అని అర్ఫా నవ్వుతూ అడిగితే, ఏమో భాభీ అని, నీళ్ళ బాటిలు నింపుకునే నెపంతో పక్కకు తిరిగింది. అబద్ధమాడి పూలు కూడా పెట్టించింది, ఇక మిగిలిందేముంది? ఎంత సిగ్గులేని దాన్నయ్యాను అనుకుంది.

మంగళవారం పొద్దున్నే మొగల్రాజపురం వెళ్ళింది. హాల్లో కార్పెంటర్లు స్టాండ్లు బిగిస్తున్నారు. కీర్తన చున్నీ నడుముకి చుట్టుకుని, నిచ్చెన పక్కన నిలబడి, ఏ బోర్డు ఎక్కడ ఉండాలో చెబుతోంది. మనిషి మంచిదే. మస్తాన్‌బీ పేరు సంగతి చెబితే నిజంగానే బాధపడింది, యూనివర్సిటీ రూలమ్మా అంది, ఏదో చేద్దాంలే అంది. అసలు సంగతి అప్పుడు మొదలుపెట్టింది ఇష్రత్. నిలబడే చెప్పింది. అర్ఫా అన్నదేంటో, తను చెప్పిందేంటో, అర్ఫా వింటుండగానే చెప్పానన్న సంగతితో సహా.

తిడుతుందనుకుంది ఇష్రత్. ఇన్నాళ్ళ పని పాడుచేశావంటుందనుకుంది, ఆ మాట కోసం సిద్ధపడే వచ్చింది. తిడితే కాస్త తేలికపడేది కూడా.

"కూర్చో" అంది కీర్తన. రెండు కుర్చీలు ఎదురెదురుగా లాగింది. ఫోను తీసి రికార్డింగు నొక్కి మధ్యలో పెట్టింది. "ఇప్పుడు మళ్ళీ చెప్పు ఇష్రత్, మొదట్నుంచీ. ఆ క్షణంలో నీకేమనిపించిందో అది కూడా."

"ఎందుకు మేడం?"

"నువ్వు తప్పు చేశాననుకుంటున్నావు. కాదు. ఇదే అసలు చాప్టరు. సమాజం పరువు కోసం ఒక అమ్మాయి తన వదిన మాటనే మార్చేసింది. ఇలాంటిది ఎవరికి దొరుకుతుంది చెప్పు?" ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. "ఆ బోర్డు అలాగే ఉంచుదాం. పక్కనే ఇంకో బోర్డు పెడదాం, ఆవిడ నిజంగా అన్న మాటతో. మధ్యలో నువ్వు."

ఇష్రత్ చెప్పింది. ఏం చేస్తుంది, ఆ ఫోను అలా మొహంలోకి చూస్తుంటే? చెబుతుండగానే మాట ఎక్కడెక్కడ ఆగితే బాగుంటుందో, ఏ వాక్యం పుస్తకంలో ఎలా ఉంటుందో తనకు తెలుస్తూ ఉండటం గమనించింది. తన కళ్ళమ్మట నీళ్ళు కూడా వచ్చాయి. ఆ నీళ్ళ మీద కూడా ఆమెకు నమ్మకం కలగలేదు.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఈ మాట బోర్డెక్కిన సంగతి ఇంకా అర్ఫాకే తెలియదు, ఈలోపల అది అందరినీ దాటేసింది. బస్సులో ఇంటికొస్తూ ఇష్రత్ అదే తలుచుకుంది.

అర్ఫా అత్తగారి మంచం పక్కన కూర్చుని ఆమె ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటే తెరిచి ముడుస్తోంది. అత్తగారు మెహబూబ్ బీ కళ్ళు మూసుకుని ఉంది. ఇష్రత్ ఫోను తెరిచి బోర్డు చూపించి, నిన్న పూలు దీని గురించే భాభీ అంది.

అర్ఫా చెయ్యి ఆపకుండానే చదివింది. చదివాక మెహబూబ్ బీ చేతిని జాగ్రత్తగా దిండు మీద పెట్టి, ఇష్రత్‌ని వంటింట్లోకి రమ్మని తల ఊపింది. పొయ్యి పక్కన నిలబడి తలలో నిన్నటి దండ తీసేసింది. వాడిపోయిన దండే, ఇవాళ ఎలాగూ తీసెయ్యాల్సిందే. కానీ వాడిపోయిందని తీసినట్టు తియ్యలేదు.

"నేను మేడంకి అబద్ధం చెప్పాను భాభీ. ఇవాళ వెళ్ళి ఒప్పుకున్నాను."

"మేడంకి చెప్పావా?"

"చెప్పాను. నీ అసలు మాటతో ఇంకో బోర్డు పెడతానంటోంది."

అర్ఫా ఆమెను కాసేపు చూసింది. "ఆ రోజు నేను మేడంకి చెప్పలేదు ఇష్రత్. ఆమెకి చెప్పాలనుకుంటే నాకు తెలుగు రాదా? నీకు చెప్పాను. ఇంట్లో ఎప్పుడు నోరు తెరిచినా ఎవరో ఒకరు లేచిపోతారు. ఆ రోజు నువ్వు లేచిపోలేవు, పని మీద కూర్చున్నావు. అందుకని అప్పుడు చెప్పాను."

"విన్నాను భాభీ."

"విన్నావు. విని, దాన్ని ఇస్త్రీ చేసి ఆమె చేతికిచ్చావు. ఇప్పుడు నలిగినదాన్ని కూడా పట్టుకెళ్ళి ఇచ్చావు. నా మాట ఇద్దరికి పనికొచ్చింది, నాకే రాలేదు."

నేను నీ మొహం చూడలేకపోతున్నాను అని మాత్రం అనగలిగింది ఇష్రత్. చూడకపోతే పోయిందిలే అంది అర్ఫా. రెండు బోర్డులూ తీసేయించమంది. తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. గన్నవరం దగ్గర ఆస్పత్రి ల్యాబులో టెక్నీషియన్ కావాలన్నారు, అప్లై చేసింది, రేపు ఇంటర్వ్యూ. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ళు ఖాళీగా ఉన్నదాన్ని ఎవరూ పిలవరనుకున్నాను, పిలిచారు, ఈసారి పోతే మళ్ళీ పిలవరు అంది.

"రేపు పొద్దున్నుంచి సాయంత్రం దాకా అమ్మీ దగ్గర ఉంటావా?"

రేపు బుధవారం. వేదిక, ఆహ్వానపత్రం, కుట్టించుకున్న కొత్త డ్రస్సు. ఇష్రత్ ఊ అనడానికి అవసరమైనదానికన్నా కొంచెం ఎక్కువసేపే పట్టింది. ఆ కొంచెంసేపు అర్ఫా చూసింది.

అన్నాల దగ్గర అర్ఫానే షబ్బీర్‌తో చెప్పింది. అతను కోప్పడే మనిషి కాదు. కోప్పడితే ఎదురు చెప్పొచ్చు. అతను నొచ్చుకున్నాడు. ఇప్పుడు నీకేం తక్కువైందని అన్నాడు. అమ్మీని ఎవరు చూస్తారన్నాడు. తర్వాత మెత్తగా, "నీ మనసు నాకు తెలియదా? నువ్వే చెప్పావుగా మేడంకి, ఇష్టంగానే మానేశానని. చదివితే నాకు ఏడుపొచ్చింది అర్ఫా" అన్నాడు.

అర్ఫా ఇష్రత్ వైపు చూసింది. నోరు తెరవాల్సిన సమయం అదే. అది ఇష్రత్‌కీ తెలుసు. నోట్లో ముద్ద ఉంది. దాన్ని అవసరం లేనంతసేపు నమిలింది. మింగాక ఆమె అన్నది మాత్రం వేరే.

"వెళ్ళనీ భయ్యా, ఇంటర్వ్యూనే కదా. రేపు నేనుంటాలే."

"నీ ప్రోగ్రామో?"

"పర్లేదు."

షబ్బీర్ పొంగిపోయాడు. చూశావా నా చెల్లెలు, నీ కోసం స్టేజీ వదులుకుంటోంది అన్నాడు. ఆ పొగడ్త కూడా ఇష్రత్ కంచంలోనే పడింది. అర్ఫా పళ్ళేలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని లేచి వెళ్ళిపోయింది.

బుధవారం అర్ఫా పెందలాడే బస్సు పట్టుకుంది. వెళ్ళేముందు జావ ఎంత పల్చగా ఉండాలో, మాత్రలు ఎప్పుడెప్పుడో, దుప్పటి ఎలా మార్చాలో చెప్పింది. థాంక్స్ అనలేదు. ఎందుకంటుంది?

ఇష్రత్ తల్లికి జావ పట్టింది. మెడ కింద తువ్వాలు పెట్టడం మర్చిపోయింది, జావ గౌనులోకి కారింది. గౌను మార్చడానికి పక్కకు తిప్పబోతే తల్లి మూలిగింది. ఒళ్ళు తుడిచి, పౌడరు అద్ది, తడిసిన బట్టలు నానబెట్టి వచ్చేసరికి మళ్ళీ దుప్పటి మార్చాల్సొచ్చింది. పని కష్టమని కాదు. ఒకటి ముగించి కూర్చోబోయేసరికి ఇంకోటి మొదలయ్యేది. కొత్త డ్రస్సు అలమారలో వేలాడుతోంది. ఆమెకు అక్కడ నిలబడి మాట్లాడాలని ఉంది. ఉందని ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఎందుకు రాలేకపోతోందో చెప్పి, కనీసం రెండు బోర్డులూ పెట్టొద్దని పొద్దున మెసేజి పెట్టింది, కీర్తన సరేనని బొటనవేలు గుర్తు పంపింది. ఆ ఒక్కటీ చేశానని కాస్త ఊరట.

మధ్యాహ్నం కీర్తన ఒక వీడియో పంపింది. ఇష్రత్ మంచం అంచున కూర్చుని తెరిచింది. తల్లి కూడా కళ్ళు తెరిచి చూస్తోంది. హాలు నిండుగా ఉంది. అర్ఫా చేతులుండాల్సిన చోట స్టాండు మీద ఇంకో ఫోటో ఉంది. అది ఇష్రత్‌ది. ఎవరింట్లోనో వింటూ తల వంచుకున్నప్పుడు తీసింది. ఎప్పుడు తీశారో కూడా ఆమెకు తెలియదు. మైకులో కీర్తన గొంతు వినబడింది.

"ఈ పనికి గొంతు ఇచ్చిన అమ్మాయి ఇవాళ మన మధ్య లేదు. వదిన ఉద్యోగం కోసం, మంచంలో ఉన్న తల్లి దగ్గర ఉండిపోయింది. ఎవరూ చెప్పకుండానే, ఎంతో సంతోషంగా ఈ వేదికను వదులుకుంది."

జనం చప్పట్లు కొట్టారు. ఇష్రత్‌కి ఒళ్ళు మండింది. సంతోషంగానా? ఎవరడిగారు నన్ను? అర్ఫా అడిగితే ఉన్నాను, తప్పించుకోలేక ఉన్నాను, పొద్దున్నుంచీ ఏడుపుమొహంతో ఉన్నాను. వీడియో ఆపి కీర్తనకు అదే రాయబోయి ఆగిపోయింది. ఆ రోజు టీ గిన్నెలో నీళ్ళు పోస్తూ అర్ఫా వెన్ను తిప్పుకుని ఎందుకు నిలబడిందో ఇప్పుడు తెలిసింది. నీ మాట వేరేవాళ్ళ నోట్లో అంత అందంగా ఉన్నప్పుడు కాదని చెప్పడానికి ఎక్కడ మొదలుపెడతావు?

తల్లి కుడిచేత్తో ఫోను వైపు చూపించింది. ఇష్రత్ వీడియో మళ్ళీ పెట్టింది. మెహబూబ్ బీ మొత్తం విని, మొహం గోడవైపు తిప్పుకుంది.

షబ్బీర్ ప్రదర్శనకి వెళ్ళి, అట్నుంచటే ఇంటికొచ్చాడు. ఇష్రత్ ఫోటో దగ్గర తను దిగిన సెల్ఫీ చూపిస్తూ ఉండగానే గుమ్మంలో అర్ఫా చెప్పులు విడిచిన చప్పుడైంది. మొహం ఎండకి కమిలి ఉంది. పొద్దున కుట్టు ఊడిన చోట పిన్నీసు పెట్టుకున్న చున్నీ ఇంకా అలాగే ఉంది. అత్తగారి మంచం దగ్గరికి వెళ్ళి నుదుటి మీద చెయ్యేసి చూసి, అప్పుడు చెప్పింది.

"తీసుకున్నారు. సోమవారం నుంచి రమ్మన్నారు."

ఇష్రత్‌కి అప్పుడు తట్టింది, తను ఇచ్చింది ఒక్క బుధవారం. అర్ఫా అడుగుతున్నది ఒక్క రోజు కాదు. సోమవారం, ఆ తర్వాత మంగళవారం, ఆ తర్వాత అన్నీ. షబ్బీర్ కూడా అదే లెక్కలో పడ్డట్టున్నాడు. ఒకరోజంటే సర్దుకున్నాం, రోజూ అంటే ఎలా అన్నాడు. ఇష్రత్‌కి మేడం బెంగుళూరులో ఏదో చూస్తానందట, దాని భవిష్యత్తు చూడాలి కదా అన్నాడు. "నువ్వు పెద్దమనసు దానివి అర్ఫా. అప్పుడు ఇష్టంగా చేసిందే..."

"ఇష్టంగా కాదు భయ్యా" అంది ఇష్రత్.

గొంతు అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. తల్లి మంచం కోళ్ళ వైపు చూస్తూ, ఉర్దూలో, ఆ రోజు విన్నది విన్నట్టు చెప్పింది. "భాభీ మానలేదు, మాన్పించారు. అమ్మీ పడిపోతే ఎవరో ఒకరు ఉండాలన్నారు. నా పరీక్షలన్నారు, నా చదువన్నారు. తనకి చదువు లేదా? నీ ఇష్టమేంటని ఒక్కళ్ళు అడగలేదు. నేనూ అడగలేదు. భాభీ మేడం ముందు అన్న మాట ఇదీ. బోర్డు మీద ఉన్నది నేను కల్పించాను. మొన్న నువ్వు అడిగితే ఊ అన్నాను, నిన్న అన్నాల దగ్గర కూడా ఊరుకున్నాను."

షబ్బీర్ చెల్లెలి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. మొహంలో రంగు మారింది.

"నాతో ఎప్పుడూ అనలేదే?"

"మీరెప్పుడూ అడగలేదు" అంది అర్ఫా. "పుస్తకం రాసుకునేవాళ్ళు అడిగారు."

"మరి ఇప్పుడు అమ్మీ దగ్గర ఎవరుంటారు?" అన్నాడతను. దెప్పడానికి కాదు, నిజంగానే తోచక. సగం నేను, అనబోయింది ఇష్రత్. మిగతా సగం ఎవరో తెలియక తటపటాయించింది.

మంచం మీదనుంచి మాట వినబడింది. మెహబూబ్ బీ మూతి ఒకపక్కకు లాగేస్తుంది, ఒక్కో మాటా తూకం వేసినట్టు నెమ్మదిగా వస్తుంది. అందుకే ఆ ఇంట్లో ఆమెతో మాట్లాడతారు గానీ ఆమెను అడగరు. కీర్తన కూడా అడగలేదు. ఆమె వేలి ఫోటో తీసుకుంది.

"మంచంలో ఉన్నాను. చచ్చిపోలేదు" అంది. ఊపిరి తీసుకుంది. "ఈ పిల్ల నేను నిద్రపోయాననుకుని... నా కాళ్ళ దగ్గర ఏడుస్తుంది. అది ఎవరూ రాసుకోలేదు."

అర్ఫా ఉలిక్కిపడి చూసింది.

"ఎవరుంటారు, ఎవరుంటారు అంటారు. కోడలా, కూతురా అని." ఆమె కుడిచెయ్యి లేచి షబ్బీర్ మోకాలి మీద పడింది. "నాకు కొడుకు లేడా?"

షబ్బీర్ తల వంచుకున్నాడు. తల్లి చెయ్యి మీద తన చెయ్యి వేశాడు గానీ ఏం చెయ్యాలో తెలియనట్టు అలాగే ఉంచాడు. చాలాసేపటికి లేచాడు. మధ్యాహ్నం దాకా నేనుంటా, తర్వాత ఇష్రత్ అని గోడకు చెబుతున్నట్టు అన్నాడు. షాపులో భాగస్వామికి చెప్పాలని ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళాడు.

లోపలికి అతని మాటలు వినబడుతున్నాయి. సోమవారం నుంచి షాపు పొద్దున పూట నువ్వే తెరువు అన్నాడు. ఎందుకని అడిగినట్టున్నారు. "అమ్మీకి కాస్త ఎక్కువైంది... అదే, ఒంట్లో అస్సలు బాగోవడం లేదు. అందుకని" అన్నాడు.

అర్ఫా వంటింటి గుమ్మంలో నిలబడి ఆ మాట విన్నది. మొహంలో ఏమీ మారలేదు. ఏమీ మారకపోవడాన్ని ఇష్రత్ ఇంతకుముందు ఒకసారి చూసింది. ఈసారి చూస్తూ కూర్చోలేకపోయింది. లేచి వరండాలోకి వెళ్ళి అన్నయ్య భుజం తట్టింది.

"ఉన్నమాట చెప్పు భయ్యా."

షబ్బీర్ అరచేత్తో ఫోను మూసి ఆమె వైపు కోపంగా చూశాడు. ఫోనులోంచి హలో, హలో అని పిలుపు వస్తూనే ఉంది. వీధిలో మస్తాన్‌బీ మనవడు సైకిలు తొక్కుకుంటూ పోయాడు. షబ్బీర్ గుమ్మంలోకి చూశాడు. అర్ఫా ఇంకా అక్కడే ఉంది. ఫోను మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

"అది కాదులే. అమ్మీ బాగానే ఉంది. మా ఆవిడకి ఉద్యోగం వచ్చింది" అన్నాడు.

అవతల ఏమన్నారో, ఆ అని, అవునని, ల్యాబులో అని చెబుతున్నాడు. ఇష్రత్ లోపలికొచ్చింది. అర్ఫా తనతో ఏమన్నా అంటుందేమోనని గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. అర్ఫా పక్కకు జరిగి, ఇష్రత్‌కి దారిచ్చి, పొద్దున నానబెట్టి వదిలేసిన గౌను పిండమని చెప్పింది.